కల్వర్టు దగ్గర మోగని హారన్

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే చెప్పులేసుకుని బయటికి నడిచే రకం నేను. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే, కింద రాసింది చదివాక మీరు నన్ను కూడా ఆ బాపతులో కలిపేస్తారని నా అనుమానం. మా బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. కంపెనీ క్వార్టర్లలో పెరిగినవాళ్లకు ఇలాంటి కథలకు కొదవ ఉండదు. బాయి లోపల ఎవరో పేరు పెట్టి పిలిచారని ఒకరు, పక్కన నడుస్తున్న మనిషి మలుపు తిరిగేసరికి లేడని ఇంకొకరు చెప్పేవాళ్లు. బాపు మాత్రం "బాయిల దిగినోడు పైకప్పుకు భయపడాలె, దయ్యానికి గాదు" అనేవాడు. నాకు ఆ మాటే ఎక్కింది.

మంచిర్యాలలో నాకొక చిన్న షాపుంది. ఇన్వర్టర్లు, వెల్డింగ్ మిషన్ల బోర్డులు రిపేరు చేస్తాను. ఏ వస్తువూ ఊరికే చెడిపోదు. ఓపిగ్గా మీటరు పెట్టి వెతికితే కారణం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఇన్నేళ్లలో దొరకనిది ఒక్కటే, దాని గురించే ఇది.

రిపేర్లతో పాటు నాకు ఇంకో పని కూడా ఉంది. మోడల్ రైళ్లు. పిల్లలు తాడు కట్టి లాగేవి కావు, అసలు ఇంజన్‌ను కొలతల ప్రకారం అరచేతి పొడవుకు తగ్గించి చేసినవి. కరీంనగర్ నుంచి ఒక పళ్ల డాక్టరు తన పాత ఇంజన్ పట్టుకుని నా షాపుకు వచ్చాడు. దాన్ని బాగుచేశాక ఆయన స్నేహితులు వచ్చారు, ఆ తర్వాత హైదరాబాద్ నుంచి పార్సిళ్లు రావడం మొదలైంది. మా ఆవిడ "మీసాలు తెల్లబడ్డంక నీకు బొమ్మల సోకు పుట్టింది" అని నవ్వుతుంది.

పని ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పాత మోడల్ ఇంజన్లలో మోటారుకు కరెంటు నేరుగా పట్టాల నుంచే వస్తుంది. కరెంటు పెంచితే ఉరుకుతుంది, తగ్గిస్తే ఆగుతుంది. ఆగిందంటే లైటూ ఆరిపోతుంది, ఉలుకూ పలుకూ ఉండదు. కొత్త పద్ధతిలో పట్టాల్లో ఎప్పుడూ ఒకేలా కరెంటు ఉంటుంది. ఇంజన్ లోపల గోరంత బోర్డు ఒకటి కూర్చుంటుంది. చేతిలోని కంట్రోలర్ మీద మనం బటన్ నొక్కితే ఆ ఆజ్ఞ పట్టాల గుండా బోర్డుకు చేరుతుంది. అప్పుడు ఇంజన్ నిలబడి ఉన్నా లైటు వెలుగుతుంది, లోపలి చిన్న స్పీకర్‌లో ఇంజన్ గుడగుడలాడుతుంది, హారన్ మోగుతుంది. అసలు ఇంజన్ల దగ్గర రికార్డు చేసిన శబ్దాలనే ఆ బోర్డులో నింపుతాం.

పాత ఇంజన్‌లో ఈ బోర్డు బిగించడం ఓపిక పని. మోటారు తీగ ఒకటి ఇంజన్ ఒంటికే తగిలి ఉంటుంది, దాన్ని విడదీయకపోతే బోర్డు పుటుక్కున కాలిపోతుంది. గట్టిపడిన గ్రీజు గీకాలి, బరువు కోసం పెట్టిన ఇనుప దిమ్మను కోసి స్పీకర్‌కు చోటు చేయాలి.

యాకూబ్ చాచా నా దగ్గరకు వచ్చింది ఈ పనికే. పెద్దపల్లిలో ఉంటాడు, రైలింజన్ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా బొగ్గు వ్యాగన్లు లాగాడు. ఎవరో అమ్మేసిన పాత మోడల్ డీజిల్ ఇంజన్ కొని, తను నడిపిన ఇంజన్ రంగులే దానికి స్వయంగా వేసుకున్నాడు. షాపులో దాన్ని బల్ల మీద పెట్టి, "బేటా, గిది నడుస్తది గని మాట్లాడదు. దీనికి హారన్ గావాలె. ముఖ్యం హారనే" అన్నాడు.

అందరూ ముందు ఇంజన్ మోత అడుగుతారు. ఈయన హారన్ అడిగాడేమిటా అనుకున్నాను కానీ అడగలేదు. ఆయనే చెప్పాడు, నేను ఇంజన్ విప్పి మోటారు ఎంత కరెంటు లాగుతుందో చూస్తుండగా. కళ్లు నా చేతుల మీద పెట్టి, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

ఆయనకు ఓదెలు అని అసిస్టెంట్ డ్రైవర్ ఉండేవాడు. చాలా ఏళ్లు ఒకే ఇంజన్‌లో తిరిగారు. ఒకరి టిఫిన్ ఒకరు తిన్నారు. ఒకరోజు పెద్దపల్లి దాటాక ఒక కల్వర్టు దగ్గర సిగ్నల్ పడక వీళ్ల గూడ్సు ఆగింది. వెనక ఒక వ్యాగన్ చక్రం దగ్గర పొగ కనబడింది. బ్రేకు పట్టేసిందేమో చూసిరమ్మని చాచా ఓదెలును దించాడు. పొగ ఉన్నది రెండు లైన్ల మధ్య వైపు. ఓదెలు ఇంజన్‌కు వీపు పెట్టి వెనక్కి నడిచాడు. అంతలో పక్క లైన్లో చాచాకు ఎదురుగా ఒక బండి వచ్చింది. ఓదెలుకు అది వీపు వైపు. పట్టపగలు. ఓదెలు చనిపోయాడు.

"ఎదురుంగ బండి అగుపడ్డదాంక యాదున్నది. లైన్ల మీద ఓదెలు పడ్డది యాదున్నది. నడుమల నా చెయ్యి హారన్ మీదికి పోయిందా లేదా, గదే యాదికి లేదు" అన్నాడు చాచా.

విచారణలో హారన్ కొట్టానని చెప్పాడట. కొట్టే ఉంటానని నమ్మే చెప్పాడు. ఆ బండి డ్రైవర్ తన హారన్ తాను కొట్టానన్నాడు, ఈ ఇంజన్ హారన్ వినబడిందో లేదో ఆ మోతలో చెప్పలేనన్నాడు. లైను మీద పనిచేసేవాళ్లకు వచ్చేపోయే బండ్ల హారన్లు కాకుల అరుపుల్లాంటివి, పట్టించుకోరు. సొంత ఇంజన్ హారన్ మాత్రం వేరు. అది నిన్నే పిలుస్తోందని ఒళ్లు చెబుతుంది. ఓదెలు తన హారన్ వింటే తిరిగి చూడకుండా ఉండడని చాచా నమ్మకం. ఓదెలు తిరిగి చూడలేదు.

అంటే తను కొట్టలేదేమో. రిటైరయ్యాక ఆ అనుమానం ఆయన్ను తినేస్తోంది. ఆ హారన్ మళ్లీ చెవిన పడితే చేతికి యాదికొస్తుందేమోనని ఆశ. మా లైన్లో ఇప్పుడన్నీ కరెంటు ఇంజన్లే, వాటి గొంతు వేరు. అందుకే ఈ మోడల్.

నాకు జాలి వేసింది, కానీ నేను చేయగలిగింది బోర్డు బిగించడమే. ఆ రకం పాత డీజిల్ హారన్ రికార్డింగ్ ఒకటి తెలిసినవాళ్ల దగ్గర సంపాదించి బోర్డులో నింపాను. షాపులో పట్టా ముక్క మీద పరీక్షించాను. మోత బాగుంది, హారన్ పక్క షాపు టైలరు తలెత్తి చూసేంత గట్టిగా మోగింది. ఇంజన్‌నూ కంట్రోలర్‌నూ తీసుకుని పెద్దపల్లి వెళ్లాను.

చాచా ఇంటి వెనక గదిలో పాత తలుపు చెక్కలు కలిపి బల్ల చేసి, దాని మీద గుండ్రంగా పట్టాలు పరిచాడు. అది ఆయన తిరిగిన లైనే. ఒక చివర పెద్దపల్లి స్టేషన్, ఇంకో చివర నీళ్ల పైపు ముక్కలతో చేసిన రామగుండం పొగ గొట్టాలు. మధ్యలో సగానికి కోసిన పైపుతో కల్వర్టు. చాచా భార్య, నేను చాచీ అనేది, చాయ్ తెచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ఆ గదిలోకి అడుగు పెట్టదని తర్వాత తెలిసింది.

ఇంజన్ గుడగుడ మొదలవగానే చాచా మొహం మారిపోయింది. స్టేషన్ దగ్గర హారన్ కొట్టాడు, మోగింది. పొగ గొట్టాల దగ్గర కొట్టాడు, మోగింది. రెండు చుట్లు తిప్పి, మూడోసారి కల్వర్టు మీద ఆపాడు. బటన్ నొక్కాడు.

మోగలేదు.

ఇంజన్ మాత్రం గుడగుడలాడుతూనే ఉంది. మళ్లీ నొక్కాడు, లేదు. జానెడు ముందుకు జరిపి నొక్కితే మోగింది. వెనక్కి తెచ్చాడు, లేదు. చాచా నా వైపు చూశాడు. "పట్టా మీద మురికి ఉంటుంది చాచా" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

స్పిరిట్‌తో పట్టాలు తుడిచాను. తుడుస్తుండగానే నాకు తట్టింది, మురికి అయితే ఇంజన్ మోత కూడా ఆగాలి కదా. మోతా లైటూ బాగానే ఉండి హారన్ ఒక్కటే మోగకపోవడం మురికి వల్ల అయ్యేది కాదు. అయినా ఆ పట్టా ముక్క తీసేసి కొత్తది వేశాను. తేడా లేదు.

ఆజ్ఞ బోర్డుకు చేరడం లేదేమో అనుకున్నాను. హారన్ బటన్ నొక్కితే ముందు లైటు కూడా మిణుకుమనేలా బోర్డును మార్చాను. కల్వర్టు మీద నొక్కాను. లైటు మిణుకుమంది, హారన్ లేదు. అంటే ఆజ్ఞ చేరుతోంది.

ఇంజన్ పైడొప్ప తీసి, షాపు నుంచి తెచ్చుకున్న చిన్న స్కోపును స్పీకర్ తీగలకు పెట్టాను. తీగల్లో ఏ శబ్దం పోతోందో అది గీతల్లో చూపిస్తుంది. బటన్ నొక్కగానే తెర మీద గీతలు ఎగిసిపడ్డాయి, మిగతా చోట్ల హారన్ మోగినప్పుడు పడ్డట్టే. బోర్డు హారన్ పంపుతోంది. స్పీకర్ చెడిందేమోనని కొత్త స్పీకర్ వేశాను. అదే కథ. చివరికి స్పీకర్ మీద వేలు పెట్టి చూశాను. అది వణుకుతోంది. హారన్ మోగేటప్పుడు ఎలా వణకాలో అలాగే, గట్టిగా. కానీ గదిలో ఇంజన్ గుడగుడ తప్ప ఏమీ వినబడదు. ఫోన్‌లో రికార్డు చేసి విన్నాను. అందులోనూ గుడగుడే.

అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇంకొకటి చేశాను, చేయకపోతే బాగుండేది. ఆ కల్వర్టు పైపును ఊడదీసి బల్ల అవతలి చివర పట్టాల కింద పెట్టాను. పాత చోట హారన్ మోగింది. కల్వర్టును పెట్టిన కొత్త చోట మోగలేదు.

స్పీకర్ వణుకుతున్న సంగతి చాచాకు చెప్పాను. హారన్ పోతోంది కానీ వినబడటం లేదు, కారణం దొరకలేదు అన్నాను. ఆయన కల్వర్టును తీసి మళ్లీ దాని చోట పెట్టాడు. "ఇనబడంది కొట్టినట్టెట్ల అయితది బేటా. నాకు జవాబు దొరికింది, పో" అన్నాడు. కూలి డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. పని పూర్తికాని వస్తువుకు నేను డబ్బు తీసుకోను.

షాపులో ఏ పని మీదా మనసు నిలవలేదు. బోర్డు తయారుచేసేవాళ్లకు సంగతి రాస్తే స్పీకర్ మార్చి చూడమన్నారు. అది చేశాకే రాశానని మళ్లీ రాశాను, ఇక జవాబు లేదు. లక్సెట్టిపేటలో మా బామ్మర్దికి చెబితే నిమ్మకాయ దిగదుడవమన్నాడు. వాడికి చెప్పడం నా బుద్ధి తక్కువ.

కొన్నాళ్లకు చాచీ ఫోన్ చేసింది. "ఆయన సక్కగ తింటలేడు బేటా. సమ్మక్కను ఇంటికి పిలిచిండు, హారన్ కొట్టలేదని ఒప్పుకుంటడంట. నువ్వు జర రా. నీ మిషినే కరాబైందని చెప్పు" అంది. సమ్మక్క అంటే ఓదెలు భార్య. ఓదెలు పోయాక ఆయన బదులు ఆమెకు రైల్వే ఆఫీసులో అటెండర్ ఉద్యోగం ఇచ్చారు. రామగుండంలో ఉంటుంది, కొద్దిరోజుల కిందటే రిటైరయింది.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఒక మనిషి చేయని తప్పును నెత్తిన వేసుకోబోతున్నాడేమో, దానికి సాక్ష్యం నేను బిగించిన బోర్డు. మిషన్ చెడిందని అబద్ధం చెప్పాలనే నిర్ణయించుకుని బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. సమ్మక్క వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో చాయ్ చల్లారిపోయింది. చాచా బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. నేను నోరు తెరిచే లోపే ఆయన అనేశాడు.

"చెల్లే, గా దినం నేను హారన్ కొట్టలే. కొట్టిన్నని రాసిచ్చిన. అబద్ధమైపోయింది."

చాచా ఇంజన్‌ను కల్వర్టు మీదికి తెచ్చి ఆపాడు. బటన్ నొక్కి పట్టుకున్నాడు. ఇంజన్ గుడగుడలాడింది, లైటు మిణుకుమంది, హారన్ లేదు. ఆయన వేలు బటన్ మీద తెల్లబడింది.

ఆమె లేచి వచ్చి ఇంజన్ వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఒత్తిండా?" అని అడిగింది.

నేను తయారుచేసుకున్న అబద్ధం నోట రాలేదు. "ఒత్తాడమ్మా. లోపల స్పీకర్‌కు హారన్ పోతూనే ఉంది. వినబడదు. వేలు పెట్టి చూడండి, వణుకుతుంది" అన్నాను.

సమ్మక్క ఇంజన్ పైకప్పు మీద రెండు వేళ్లు ఆనించింది. చాచా బటన్ వదల్లేదు. ఆమె చాలాసేపు అలాగే ఉంది. తర్వాత చెయ్యి తీసి కొంగులో దాచుకుంది, కాలినట్టు.

"ఆయనకు చెవులు పోయినయన్నా" అంది.

చాచాకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఇంజన్ల మోతకు పోయినయో ఏమో. ఇంజన్ గుడగుడ అసొంటి లావు చప్పుడు తెలుస్తుండె, గీ కూత అసొంటియి ఇనబడకపోతుండె. కుక్కర్ కూసినా తెల్వదు. ఫోన్ మోగినా తెల్వదు, వణుకుడు మీద పెట్టుకోని జేబుల ఏసుకునేది. వచ్చే నెల మెడికల్ ఉండె. ఫెయిలైతే ఇంజన్ దించుతరని భయం."

చాచా నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. ఇంజన్ డ్రైవర్లకు, అసిస్టెంట్లకు కొన్నాళ్లకోసారి కన్ను, చెవి పరీక్ష చేస్తారు. తప్పితే ఇక ఇంజనెక్కనివ్వరు. క్యాబిన్‌లో ఎలాగూ ఆ మోతకు అందరూ అరుచుకుంటూ, సైగలు చేసుకుంటూనే మాట్లాడతారు. సిగ్నల్ కంటితో చూసి ఓదెలే ముందు చెప్పేవాడు, చాచా తిరిగి అనేవాడు. ఇన్నేళ్లు పక్కన కూర్చున్న మనిషికి వినబడటం లేదని చాచాకు అనుమానం రాకపోవడంలో వింతేమీ లేదు.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"నీకు చెప్తే నువ్వు డ్యూటీ ఎక్కనియ్యవన్నా. గందుకే చెప్పలే. ఆయన పోయినంక నేను చెప్పలే, నౌకరి ఇయ్యరేమోనని. పిల్లలు సిన్నగుండిరి." చాచీ గుమ్మం దాటి లోపలికి వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"నువ్వు కొట్టినవు. ఆయన ఇనలే" అంది సమ్మక్క.

చాచా ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. బల్ల మీద ఇంజన్ గుడగుడలాడుతూనే ఉంటే నేనే వెళ్లి కరెంటు కట్టేశాను.

జరిగింది ఇంతే. ఇక నాకు తెలిసినంతలో ఆలోచిస్తాను. హారన్ స్వరం ఒక్కటే ఒక చోట చెవికి చేరకుండా పోవచ్చు, గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం దాన్ని కొట్టేస్తే. కానీ కల్వర్టు పైపుతో పాటు ఆ చోటు ఎలా మారింది? ఇంజన్ పక్కనే పెట్టిన ఫోన్‌లో కూడా ఎందుకు పడలేదు? ఒకవేళ ఇవన్నీ ఏదోలా కుదిరాయనుకున్నా, ఓదెలు చెవి సంగతి సమ్మక్కకు తప్ప ఎవరికీ తెలియదు. నేను ఓదెలును చూసింది కూడా లేదు. పైగా ఒక బొమ్మ ఇంజన్ వణికినంత మాత్రాన ఆ రోజు చాచా నిజంగా హారన్ కొట్టాడని రుజువైనట్టా? కాదు. ఆ సంగతి చాచాకూ తెలుసు. ఆ క్షణం ఆయనకు ఇప్పటికీ యాదికి రాలేదు.

ఆ తర్వాత ఒకసారి వెళ్లినప్పుడు బోర్డు మార్చి చూస్తానన్నాను. "వద్దు, ఉండనీ" అన్నాడు. ఇప్పుడు అన్నం తింటున్నాడు, చాచీ ఆ గదిలోకి వచ్చి కూర్చుంటోంది. సమ్మక్క వీలైనప్పుడు వచ్చిపోతోందట.

ఆ రోజు నా ఎదుటే బండి తిప్పాడు. స్టేషన్ దగ్గర హారన్ మోగింది, గొట్టాల దగ్గర మోగింది. కల్వర్టు మీద ఆపి బటన్ నొక్కాడు. ఏమీ వినబడలేదు. చాచా రెండో చేతి వేలు ఇంజన్ పైకప్పు మీద పెట్టి, తల వంచుకుని, అది వణుకుతున్నంతసేపూ అలాగే ఉంచాడు. "హారన్ పోతున్నది బేటా" అన్నాడు నాతో. నేనూ వేలు పెట్టి చూశాను. పోతోంది. ఎందుకు వినబడదో నాకు ఇప్పటికీ తెలియదు.